చివరి నొక్కు

శనివారం ఉదయం ఎనిమిదింటికి వెర్నా లిండ్‌క్విస్ట్ తన గరాజ్‌లో పిస్తోలు గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసి పళ్ళు నూరింది. మళ్ళీ సీసం! నున్నగా మెరవాల్సిన లోపలి గోడలకు బూడిదరంగు పొర అంటుకుని ఉంది. పదింటికి క్లబ్బులో ఎంపిక పోటీ. నలుగురుండే రాష్ట్రస్థాయి జట్టులో మిగిలింది ఒక్కటే చోటు. ఈ గొట్టంతో ఇరవై గుండ్లు కాల్చేసరికి తర్వాతివి అడ్డంగా తిరిగి గురి అట్టకు తగులుతాయి. అప్పుడిక జట్టు మాట మరిచిపోవడమే.

ఆ గుండ్లు ఆమె స్వహస్తాలతో పోసినవి. పాత సీసం కరిగించి, అచ్చులో పోసి, ఎర్ర పొడి పట్టించి, ఓవెన్‌లో కాల్చింది. మూడు వారాలుగా తప్పంతా ఆ పూతదేననుకుంది. వేడి పెంచింది, పొడి మార్చింది. సుత్తితో కొట్టి చూస్తే గుండు అప్పచ్చిలా అణిగింది గాని పూత పెచ్చయినా ఊడలేదు.

భర్తకు అన్న వర్జిల్ కాఫీ కప్పుతో లోపలికొచ్చాడు. నోరు ఊరుకునే మనిషి కాదు.

"ఏం మరదలా, ఇంకా తోముడేనా? అందరిలా కొట్లో కొనుక్కోరాదూ?"

"పొద్దున్నే నా జోలికి రాకు బావా!"

"సర్లే. తూటాలో గుండు పెట్టాక చివర్లో దాని ఇత్తడి మూతిని గట్టిగా నొక్కుతున్నావా, నే చెప్పినట్టు? వదులైతే గుండు లోపలికి జారిపోద్ది, ప్రమాదం."

"నువ్వు చెప్పాక తప్పుతానా? పీక నులిమినట్టు నొక్కుతున్నా."

అంటూనే వెర్నా ఆగిపోయింది. ప్రతి గుండునూ తూటాలో పెట్టకముందు కొలిచింది. పెట్టి నొక్కాక ఒక్కటీ కొలవలేదు!

కట్టిన తూటా ఒకటి తీసి, గుండు ఊడదీసే సుత్తిలో బిగించి, నేలకేసి మూడు దెబ్బలు కొట్టింది. బయటపడ్డ గుండును మైక్రోమీటర్‌లో పెట్టింది.

"బావా, చూడు! అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన మూడొందల యాభైయారుతో లోపలికెళ్ళింది, యాభైనాలుగుతో బయటికొచ్చింది! గొట్టం యాభైయైదు! మన నొక్కుకి గుండు చిక్కిపోయింది. గొట్టానికీ గుండుకీ మధ్య సందులోంచి మంట దూరి సీసాన్ని గోడలకు పులుముతోంది!"

వర్జిల్ కప్పు పక్కన పెట్టి మైక్రోమీటర్ మీదికి వంగాడు.

గొట్టాన్ని మళ్ళీ తోమి, నొక్కు తగ్గించి, వెర్నా పరుగు మీద అరవై తూటాలు కట్టింది. మచ్చుకి ఒకటి పీకి కొలిస్తే యాభైయారుకి యాభైయారే!

పదకొండింటికి క్లబ్బులో ఆమె అట్ట మీద అరవై రంధ్రాలూ గుండ్రంగా ఉన్నాయి. జట్టులో నాలుగో పేరుగా వెర్నానే పిలిచారు. ఆమె చిన్నపిల్లలా ఎగిరింది.

వర్జిల్ మాత్రం ఖాళీ చేసిన పిస్తోలు గొట్టంలోంచి ఆకాశాన్ని చూస్తూ నిలబడ్డాడు. లోపల మరక లేదు.

"నేనూ గుండ్లు పోసేవాణ్ణి, తెలుసా? ఎంత తోమినా సీసం వదిలేది కాదు. నా చేతికి ఈ పని రాదనుకుని తొమ్మిదేళ్ళ కిందట మానేశా. కొట్టు గుండ్లకి రాగి తొడుగుంటుంది, ఎంత నొక్కినా చిక్కిపోవు. అందుకే నొక్కు మీద ఎప్పుడూ అనుమానం రాలేదు." "తొమ్మిదేళ్ళు వెర్నా!"

వెర్నా కారు తలుపు తీసింది.

"ఎక్కు బావా. సీసం కరగడానికి అరగంట పడుతుంది. ఈసారి గుండ్లు నువ్వు పోస్తావు, నేను కొలుస్తా."