ఉత్తరం తాడు

పెద్దవల లాగాలంటే రెండు తాళ్లు, రెండు జట్లు కావాలి. మొహం సముద్రానికి పెట్టి వెనక్కి నడవాలి. వెనక ఇసుక ఉంటేనే వల ముందుకొస్తుంది. ఆ పొద్దున ఉత్తరం తాడు పట్టిన పోతమ్మ వీపు ఇరవై అడుగులకే గోడకు కొట్టుకుంది.

తుపాను హెచ్చరికని భీమిలి ఒడ్డున పది రోజులు వేట ఆపారు. ఆ పది రోజుల్లో లేచిన గోడ అది. మిగిలిన జాగా సరిపోతుందిలే అనుకున్నారు అమాయకులు. ఉత్తరం జట్టు ఆగిపోయింది, దక్షిణం జట్టు లాగేసింది. వల ఒరిగి, నలభై ఇళ్ల తిండి కళ్లెదుటే జారిపోయింది.

గోడవతల బంగళా సొంతదారు, కాంట్రాక్టర్ కనకరత్నానికి డిజైనర్ ఉదయ్‌కుమార్ పెరడు చూపిస్తున్నాడు.

"ఇదిగో హాట్ టబ్ సార్. అటు రాళ్ల మీంచి జలపాతం. టబ్‌లో కూర్చుంటే సముద్రం కనిపించాలి, మనుషులు కనిపించకూడదు."

"మరి ఆ చేపల కంపు?"

"ఫౌంటెన్ చుట్టూ మల్లెలు వేయించాను సార్."

పోతమ్మ అంతా వింది.

సాయంత్రం వలల పాకలో అందరూ చేరారు. పోతమ్మ మరిది ఎల్లాజీ తలెత్తలేదు. "ఆ తొట్టి గొయ్యి తవ్వింది నానే వొదినా. కూలికెల్లాను. గోడొస్తాదని నాకేటి తెలుసు?"

"నువ్వొక్కడివేటిరా?" అన్నాడు పెద్ద వీరన్న. "ఇసక మీదేనా అని కనకరత్నం మనుసులడిగితే, మాదేటి బాబూ, గంగమ్మది అన్నాం. మాది కాదని రాసీసుకున్నారు. ఏలిముద్రలు మనవే."

"ఎమ్మార్వో ఆఫీసుకెల్దాం," అంది ఉత్తరం జట్టులోని ఈశ్వరి.

"గోడ లేస్తన్నప్పుడే మూడుసార్లెల్లాం. సూత్తామన్నారు," అన్నాడు వీరన్న.

పోతమ్మ లేచింది. "గంగమ్మది అన్నాం. కనకరత్నానిది అన్నామా? రేపు ఆగొద్దు. గోడకి గేటుంది కదా, అందులోంచే నడుద్దాం."

తెల్లారి గేటు గొళ్లెం ఎల్లాజీ తీశాడు. పనివాడే కదా, ఎవరూ అడగలేదు. ఇరవై మంది తాడు పట్టుకుని వెనక్కి వెనక్కి పెరట్లోకి నడిచారు. మల్లెమొక్కలు నలిగాయి. హాట్ టబ్ అడ్డొస్తే అందులోకే దిగి, ఇసుక కాళ్లతో అవతలికి ఎక్కారు. కనకరత్నం తువ్వాలు కట్టుకుని కేకలేస్తూ ఫోన్ చేశాడు.

మూడుసార్లు అర్జీ పెట్టినా ఎవరూ రాలేదు, ఒక్క ఫోనుకి పోలీసులు పావుగంటలో వచ్చారు.

"లీడర్ ఎవడ్రా?" అన్నాడు ఎస్సై.

"తాడొగ్గీసి సెప్పమంటావేటి?" అంది పోతమ్మ. "వల రానీ, సెప్తాం."

జుట్టు పట్టి ఈడ్చారు. ఆమె తాడు వదిలిన చోట ఈశ్వరి పట్టుకుంది. ఈశ్వరిని ఈడిస్తే ఎల్లాజీ పట్టుకున్నాడు. లాఠీలు చేతుల మీదే పడ్డాయి. "ఆగొద్దర్రా!" అని వ్యానులోంచి పోతమ్మ గొంతు పగిలేలా అరిచింది. వ్యాను నిండేసరికి వల ఒడ్డెక్కింది.

పద్నాలుగు మంది మీద కేసు పెట్టారు. పోతమ్మ బొటనవేలు విరిగింది. స్టేషన్లో ఆ వేలి ముద్రే అడిగారు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

మర్నాడు కబురు విని ఉత్తరం తాడుకి అరవై మంది వచ్చారు. పెందుర్తి తాపీ పనివాళ్లు, మధురవాడ అపార్టుమెంట్లలో అంట్లు తోమే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు. సగం మందికి వల లాగడమే రాదు. గేటుకి గొలుసు వేసి ఉంది, దాని ముందు పోలీసులు వరసగా నిలబడ్డారు.

వీరన్న అందరి చేతుల్లో తాడు పెట్టాడు.

"ఎనక్కి సూడొద్దు," అన్నాడు. "నడండి."