పలచని కట్టు

"ఎడమ కంటితో చదువు కన్నా," అంది డాక్టర్ మీరా.

నా కూతురు సత్య గోడ మీది తమిళ అక్షరాలు రెండు వరుసలు చదివింది. మూడో వరుస దగ్గర ఆగింది. పోయినసారీ అక్కడే ఆగింది.

ఆరేళ్ళ పిల్ల. కుడి కన్ను బాగుంది. ఎడమ కంట్లోనూ జబ్బేమీ లేదు. రెండు కళ్ళ చూపుకూ తేడా ఎక్కువుండి, మెదడు ఎడమదాన్ని పక్కన పెట్టేసింది. కళ్ళజోడు ఇచ్చి, రోజూ కాసేపు కుడి కన్ను మూసి ఎడమ కంటికి పని పెట్టమన్నారు.

"కట్టు రోజూ కడతా ఉండారా సార్?"

"మా అమ్మ కడతాది డాక్టర్. ఒక్క పూట తప్పలే."

"కట్టినప్పుడు తడబడతాదా? ఏడుస్తాదా?"

"మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు పళక్కమైపోయింది, కట్టినట్టే ఉండదు," అన్నాను సంతోషంగా.

ఆమె కలం ఆగింది. "ఈ కన్ను ఒకటే పని చేస్తే తడబడాల సార్. మెదడులో నరానికీ నరానికీ మధ్య సినాప్స్ అని ఒక ముడి ఉంటాది, మీరు స్కూల్లో చెప్పేదే. కొన్ని ముడులకు కబురు వస్తాది, అయినా పలకవు. సైలెంట్ సినాప్స్ అంటారు. చిన్న పిల్లకాయల మెదడులో అట్లాంటివి నిండా ఉంటాయి. పని పడితే పలికేదానికి వస్తాయి. వయసయ్యే కొద్దీ పలికించడం కష్టం. వచ్చేసారీ ఇట్లే ఉంటే, ఈ పాపకు కట్టుతో లాభం లేదనుకోవాల."

"అప్పుడు ఎడమ కన్ను ఇంతేనా?"

"ఇంతే అని చెప్పలే సార్. కష్టమని చెప్తా ఉండా."

మా ఊరు సత్రపట్టికి పోయే బస్సులో సత్య నా ఒళ్ళో నిద్రపోయింది. తమిళనాట స్థిరపడ్డ మా తెలుగు ఇంట్లో కాలేజీకి పోయినవాణ్ణి నేనొక్కణ్ణే. సేత్తూరు స్కూల్లో సైన్సు చెబుతాను. కానీ దారి పొడుగునా నా బుర్రలో సైన్సు లేదు. అమ్మ జాలిపడి కట్టు విప్పేస్తోంది, అంతే. వేరే కారణం తట్టలేదు.

మా ఊరంతా బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల చప్పుడే. అమ్మ జక్కమ్మ వసారాలో కూర్చుని గుడ్డ చుట్టలు చుడుతోంది. సత్య ఇంటికి రాగానే అలవాటుగా కట్టు కట్టి, రాళ్ళేరమని బియ్యం చేట ముందు పెట్టింది.

"నేను లేనప్పుడు విప్పేస్తా ఉండావు గదా?" అన్నాను.

"ఏందిరా?"

"పాప కట్టు. ఏడిస్తే చూడలేక విప్పేస్తా ఉండావు."

అమ్మ చేతిలో చుట్ట జారి, తెల్లగా గుమ్మం దాకా దొర్లింది. "ఆ తల్లి జక్కమ్మ పేరు పెట్టుకున్నదాన్ని. అబద్ధమాడితే నా నాలుక పడిపోదా? అమ్మను దొంగ చేసేదానికా నిన్ను సదివించింది?"

"అయితే పాప తడబడదెందుకు?"

"నేను బాగా చూసుకుంటా ఉండా కాబట్టి! నీ మాదిరి సాయంకాలం వచ్చి అరిచి సత్తం పోసేదాన్ని కాదు."

సత్య మా గొడవ పట్టించుకోలేదు. బియ్యంలోంచి నల్లరాయి ఒకటి తీసి పక్కన పెట్టింది. మరొకటి తీసింది. వేళ్ళు ఎక్కడా వెతుక్కోవడం లేదు, తిన్నగా రాయి మీదికే పోతున్నాయి. మూడో వరుస చదవలేని కన్ను అది.

"సత్యా, రాయి ఏ కంటితో చూస్తా ఉండావు?"

కాస్త ఆలోచించింది. "రెండింటితో. కట్టు కంటికి మంచు మాదిరి కనిపిస్తాది."

"అవ్వకు చెప్పలేదే?"

"అవ్వ అడగలే."

కట్టు విప్పి నా కంటికి పెట్టుకున్నాను. తెల్లటి మంచులోంచి అమ్మ ముఖం కనిపించింది. ముక్కుపుడక కనిపించింది. కోపం కూడా కనిపించింది.

"ఆస్పత్రి వాళ్ళిచ్చిన అంటించే పట్టీ ఏదమ్మా?"

"దానికి చర్మం కందిపోయింది. మన గుడ్డలోనే పలచనిది ఏరి ఏరి కుట్టినాను. కట్టుకు గాలి ఆడాల గదా. మందం గుడ్డ ఎవరన్నా కడతారా?" చివరి మాటకు ఆమె గొంతు తగ్గిపోయింది.

"అక్కడ పుండు లేదమ్మా. చీకటి కోసం కట్టేది."

నేను పక్కన కూర్చున్నాను. "పండగకు దేవరాట్టం ఆడే వరుసలో కొత్తవాణ్ణి నిలబెడతారే, ఉరుమి డోలు మోగినంత మాత్రాన వాడి కాలు లేస్తాదా? ఉరుమీ మోగి, పక్కనోళ్ళ కాళ్ళూ అప్పుడే లేస్తే, వాడిదీ లేస్తాది. అట్లా ఆడి ఆడి, తర్వాత ఉరుమి ఒకటే చాలు. పాప మెదడులో ఎడమ కంటి ముడులు ఆ కొత్తవాడి మాదిరి. కుడి కన్నే ముందుకొచ్చి ఆడతా ఉంటే వాడెప్పుడు నేరుస్తాడు?"

అమ్మ లేచి లోపలికి పోయింది. పాత గొడుగు గుడ్డ కత్తిరించి తెచ్చింది. చర్మం వైపు మా పలచని గుడ్డ, పైన నలుపు మడతలు పెట్టి కుట్టింది.

అది కట్టగానే సత్య నీళ్ళ చెంబు కోసం చెయ్యి చాపింది. చెయ్యి పక్కకు పోయింది. చెంబు దొర్లింది.

"అవ్వా, చీకటి! విప్పవ్వా!"

అమ్మ వేళ్ళు ముడి మీదికి పోయాయి. ఇప్పుడు విప్పితే పాప రేపు ఇంకా గట్టిగా ఏడుస్తుంది, ఎల్లుండి కట్టనివ్వదు. వేళ్ళు ముడిని పట్టుకుని అట్లాగే ఉన్నాయి.

ఉన్నట్టుండి అమ్మ చెయ్యి లాక్కుంది. వసారా ఆ చివరికి పోయి, ఖాళీ బిందె బోర్లించి వేళ్ళతో వాయించసాగింది. "రా తాయీ. అవ్వ ముక్కుపుడక ఎక్కడుందో ముట్టి చూడు."

"నాకు రాదు పో!"

"రాకుంటే నీ ముక్కు కోసి పిల్లికేస్తా."

సత్య ఏడుస్తూనే నవ్వింది. ఒక అడుగు వేసింది, స్తంభం తగిలింది. ఆగి, తల వంచి చూసి, మళ్ళీ నడిచింది. మొదట చెవి ముట్టింది. తర్వాత చెంప. అమ్మ కదల్లేదు, బిందె ఆపలేదు. ఆఖరికి చిన్న వేలు ముక్కుపుడక మీద పడింది.

ఆ తర్వాత రోజూ అదే ఆట, అదే ఏడుపు.

మళ్ళీ ఆస్పత్రికి పోయినప్పుడు అమ్మ కూడా వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. లోపల సత్య రెండు వరుసలు చదివి మూడోదాని దగ్గర ఆగింది. డాక్టర్ నావైపు చూడలేదు. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను.

"ప," అంది సత్య. మెడ ముందుకు చాచింది. "ట."

తర్వాతి అక్షరం తప్పు చెప్పింది.

"కట్టు నిలపకండి," అంది డాక్టర్ మీరా. "కడతానే ఉండండి. ముడులు పలకతా ఉండాయి."

బయటికి రాగానే అమ్మ లేచింది. "ఏం చెప్పిందిరా?"

"ఇంకా కట్టమంది."

అమ్మ సంచిలోంచి నల్ల కట్టు తీసింది. ట్యూబ్‌లైటు వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, రెండో కంటికి దాన్ని నొక్కిపెట్టి చూసింది.

"ఏమీ కనిపించలే," అంది. అప్పుడు సత్యను దగ్గరికి పిలిచి కట్టింది.