కుళాయి మూల ఎండుగడ్డి

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రండి, గోడ ఎక్కడికీ పోదు. నా గొంతు మునుపటిలా వీధి చివరిదాకా పోదు, పైగా ఈ సంగతి గట్టిగా చెప్పేదీ కాదు. ఆ పైవాడు మనకి నోరిచ్చాడు, చెవులిచ్చాడు. అవి చాలవనుకున్నాడో ఏమో, ఒక ఇంటివాళ్ళకి గడ్డి కూడా ఇచ్చాడు. ఆ గడ్డి సంగతే ఇది.

ఎండలు మండే ఊళ్ళో చలికాలం ఎంతసేపు ఉంటుంది చెప్పండి? చుట్టపుచూపుగా వచ్చి, కూర్చున్న కుర్చీ వేడెక్కకముందే లేచిపోతుంది. అది అలా గేటు దాటుతుండగానే ఇంటిముందు పచ్చిక ఉన్నవాళ్ళకి పని మొదలు. చలికి గోధుమరంగు తిరిగిన గడ్డిని మిషన్‌తో పొట్టిగా కోయాలి. ఇనుప పళ్ళ దంతెతో గీకి, అడుగున పేరుకున్న ఎండుపొరని పైకి లాగిపారెయ్యాలి. గట్టిపడ్డ నేలలో చిల్లులు పొడిచి, ఇసుకా ఎరువూ కలిపి పల్చగా చల్లాలి. ఆపైన పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, లోపలిదాకా నానేలా నీళ్ళు పెట్టాలి. అప్పుడుగానీ వసంతం ఆ గుమ్మంలో అడుగుపెట్టదు.

అందరిళ్ళలోనూ ఇదే పని. అద్దాలమ్మ ఇంట్లో మాత్రం, దంతె వేస్తే ఎండుగడ్డితో పాటు మాటలు కూడా లేచేవి.

అద్దాలమ్మ అంటే కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆవిడ. వాళ్ళ పచ్చిక మీద ఏడాది పొడుగునా ఎవరేం మాట్లాడుకున్నా ఆ మాట గడ్డిలోకి ఇంకిపోయేది. ఎక్కడ అన్న మాట అక్కడే, అన్నవాళ్ళ గొంతుతోనే ఉండేది. చలి వెనక్కి తిరిగాక దంతె వేసినప్పుడు పైకి లేచి ఒక్కసారి వినపడేది. ఒక్కసారే. తర్వాత గాలిలో కలిసిపోయేది. ఎవరి పెరట్లోనో నిమ్మకాయలు మరీ పుల్లగా కాస్తే ఎవరు ఆశ్చర్యపోతారు? వీధివాళ్ళకి ఇదీ అంతే. గడ్డి దులిపేరోజున ఇరుగుపొరుగు మర్యాదగా కిటికీలు మూసుకునేవాళ్ళు. ఎదురింటి పిన్ని ఒక్కర్తే మర్యాద పక్కనపెట్టి కుర్చీ వరండాలోకి లాక్కునేది.

అద్దాలమ్మ మొగుడు ఉన్నప్పుడు ఆ పని ఆయనదే. లిఫ్టులు బాగుచేసే మనిషి. భుజాన తువ్వాలు, చేతిలో దంతె, వెనకాల ఎగతాళి చెయ్యడానికి పెళ్ళామూ చెల్లెలూ.

ఒక ఏడు బట్టల తీగ కింద దంతె వెయ్యగానే ఆయన గొంతే పైకి వచ్చింది. "ఆ ఇస్త్రీపెట్టె నేను ముట్టుకోనేలేదు."

అద్దాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మరి నా చీరకి కన్నం ఎలా పడింది?"

"పోయినేటి అబద్ధానికి ఈ ఏడు తగువేమిటే," అని ఆయన నవ్వుతూ ఇంకో చోట దంతె వేసుకున్నాడు. ఇలా ఏడాది తగువులన్నీ ఒక్క పూటలో నవ్వులైపోయేవి. అవి అయిపోయాకే పచ్చ మొలక బయటికి వచ్చేది.

ఆ మనిషి ఒకనాడు పొద్దున్నే పనికి వెళ్ళి, అక్కడే గుండె పట్టుకుని కూలిపోయాడు. తిరిగి రాలేదు.

ఆ తర్వాత రెండు చలికాలాలు వచ్చి వెళ్ళాయి. అద్దాలమ్మ దంతె ముట్టుకోలేదు. ఆయన చివరి మాటలన్నీ ఆ గడ్డిలో ఉన్నాయి మరి. గీకితే వినపడతాయి, విన్నాక ఉండవు. అసలు వినకుండా ఉంటే ఎప్పటికీ ఉంటాయనుకుంది. సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, చెప్పులు గేటు దగ్గరే వదిలి, కుళాయి మూల కూర్చునేది. ఆయన రోజూ పైపు పట్టుకుని తనలో తాను మాట్లాడుకున్నది అక్కడే. అరికాళ్ళ కింద ఆయన ఉన్నాడు, అంతే చాలు అన్నట్టు కూర్చునేది.

ఇంట్లో ఇంకో మనిషి ఆమె ఆడపడుచు. ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు, లాండ్రీలో పనిచేస్తుంది. గెంతుతూ నడుస్తుందని అన్న పెట్టిన పేరు పిచ్చిక. అన్న పోయాక ఆ గెంతూ పోయింది, పేరు మాత్రం మిగిలింది. వదిన దంతె వద్దంటే ఆ పిల్ల మారుమాటాడలేదు సరికదా, "అవును వదినా, వద్దులే," అని ముందే తలూపేది. తనకోసమే అంటోందనుకుని అద్దాలమ్మ ముచ్చటపడేది. వీధిలో ఒక వడ్రంగి ఉన్నాడు, భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. ఒకప్పుడు అతను ఎదురుపడితే పిచ్చిక ముఖం వెలిగేది. ఇప్పుడు అతని కొట్టు తప్పించుకుని, చుట్టూ తిరిగి పనికి వెళ్తోంది. ఎందుకని అడిగితే ఆ దారిలో నీడ ఉందంటుంది. ఆ దారిలో ఒక్క చెట్టు లేదు.

మూడో ఏడు చలి కూడా వెళ్ళిపోయింది. అందరి పచ్చికలూ కోయించుకుని ముస్తాబవుతున్నాయి. అద్దాలమ్మ పచ్చిక మాత్రం పాత చాపలా పడుంది. దాహమేమోనని ఆమె నీళ్ళు పెట్టింది. ఇంకా పెట్టింది. నీళ్ళు గడ్డి మీదనుంచే జారి, గేటు కిందనుంచి రోడ్డు దాటిపోయాయి.

ఎదురింటి పిన్ని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వచ్చింది. "అమ్మాయ్, మీ గడ్డి తాగట్లేదే. నా గుమ్మం తాగుతోంది."

"రోజూ పెడుతూనే ఉన్నాను పిన్నీ."

"పెడితే సరా? లోపలికి దిగొద్దూ?" పిన్ని వంగి ఒక చోట పట్టి లాగింది. ఎండుపొర దుప్పటిలా లేచింది. దాని కింద మట్టి పొడిపొడిగా ఉంది, వేర్లు దారాల్లా తేలిపోతున్నాయి. ఎప్పుడూ ఎగతాళి చేసే పిన్ని గొంతు అప్పుడు మెత్తబడింది. "గొడుగు పట్టి తలంటుపోసినట్టుంది నీ పని. ఈ వసంతం దాటితే ఇక్కడ మట్టే మిగుల్తుంది. వేరు చచ్చాక అందులో మాట మాత్రం ఉంటుందా తల్లీ?"

అద్దాలమ్మ లోపలికి వెళ్ళి చాలాసేపు దేవుడి పటం ముందు కూర్చుంది. ఏం అడగాలి? దులిపితే మాట పోతుంది, దులపకపోతే గడ్డితో పాటు పోతుంది. ఒక్కటే తేడా. దులిపితే ఒక్కసారైనా వినొచ్చు.

కొట్లోంచి దంతె బయటికి తీస్తే పిడి చెదపట్టి చేతిలోనే విరిగింది. వడ్రంగికి కబురు పెట్టింది. మర్నాడు పొద్దున్నే అతను కొత్త పిడి పట్టుకుని వచ్చి, మెట్టు మీద కూర్చుని బిగించడం మొదలుపెట్టాడు. పిచ్చిక అతన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత దంతెని చూసింది. ముఖం పాలిపోయింది ఆ పిల్లకి.

"వదినా, ఈ ఏడు కూడా వద్దు."

"చచ్చిపోతోందే."

"పోతే పోనీ. సిమెంటు చేయించుకుందాం."

అద్దాలమ్మ తిరిగి చూసింది. ఇది తన కోసం అంటున్న మాట కాదు. "ఏం దాచావే ఈ గడ్డిలో?"

పిచ్చిక చెంగు చివర మెలిపెట్టింది. "అన్నయ్య పోయేముందు రోజు సాయంత్రం నువ్వింకా దుకాణంలోనే ఉన్నావు. అన్నయ్యా నేనూ ఇక్కడ మెట్ల దగ్గర పోట్లాడుకున్నాం. తెల్లారి నేను లేచేసరికి వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ మాట్లాడలేదు." గొంతు తగ్గించింది. "నామీద కోపంతోనే పోయాడు వదినా. అది నేను మళ్ళీ వినలేను. వీధి ముందు అసలు వినలేను."

వడ్రంగికి ఆ మాట చెవిన పడిందో లేదో గానీ, పిడి బిగించేసి లేచాడు. "నేను వెళ్తాను అక్కా. మీ ఇంటి మాటలు దులుపుకునే వేళ పరాయివాణ్ణి ఉండకూడదు."

"పిడి గట్టిదో కాదో తెలియాలిగా. ఉండు," అంది అద్దాలమ్మ.

మెట్ల దగ్గర మొదటి దంతె ఆమే వేసింది. ఎండుగడ్డి చిరచిరలాడుతూ లేచింది, దానితో పాటు గొంతు. ఆ గొంతే.

"కుదరదంటే కుదరదు. ఆ వడ్రంగికి ఒక వేలు సగమే ఉంది చూశావా? సొంత వేలు కాపాడుకోలేనివాడు నిన్నేం కాపాడతాడే?"

గడ్డిలోంచి పిచ్చిక ఏడుపుగొంతు. "అన్నయ్యా, నువ్వు మనిషివేనా?"

"నేను బతికుండగా ఈ మాట మళ్ళీ ఎత్తకు."

తలుపు విసురుగా వేసిన చప్పుడు. అంతే. మాటలు పల్చబడి పోయాయి. ఎదురింటి వరండాలో కుర్చీ కిర్రుమనడం కూడా మానేసింది. పిచ్చిక ముఖం చేతుల్లో దాచుకుంది. వడ్రంగి తన కుడిచెయ్యి వంక, సగమే ఉన్న చూపుడువేలి వంక చూసుకున్నాడు.

"వేలి సంగతి నిజమే కదా," అన్నాడు నెమ్మదిగా. "రంపం అప్పుడు కొత్తది."

అతను ఉలి సంచిలో వేసుకుని గేటు వైపు తిరిగాడు. ఇక్కడే, అమ్మా, అయ్యా, జాగ్రత్తగా వినండి. అద్దాలమ్మ అక్కడితో ఆపుండొచ్చు. మిగతా గడ్డంతా దులిపి, కుళాయి మూల ఒక్కటీ వదిలేసుకోవాలని రాత్రే అనుకుంది. ఆ కాస్తా తనకి. అది బతికినన్నాళ్ళు బతుకుతుంది, తనూ దాని పక్కన బతుకుతుంది. కానీ మొగుడి కోపం ఎంత పొడుగో ఆమెకి తెలుసు. మెట్ల దగ్గర లేచిన కోపం కుళాయి దాకా ఏనాడూ నడవలేదు. చల్లారాక ఆయన ఏమన్నా అనుంటే, అది ఆ మూలలోనే ఉంది. ఆమె దాచుకున్నదీ ఆ మూలే.

"గేటు దగ్గర ఆగు తమ్ముడూ," అంది. "పిచ్చికా, ఇలా రా."

"వద్దు వదినా. అది నీది. నాకు తెలీదా, నువ్వు రోజూ అక్కడే కూర్చుంటావు."

"నాదే. అందుకే నేను చెప్తే వినాలి. పట్టుకో." దంతె పిడి మీద ఆ పిల్ల చెయ్యి పెట్టి, దానిమీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి కుళాయి మూల గీకారు.

ముందు నీళ్ళు పడుతున్న చప్పుడు. తర్వాత ఆయన, పాట పాడబోయి మానేసినవాడిలా గొణుగుతూ.

"ఎక్కువన్నానా? ఎక్కువే అన్నాను. వేలు పోయిన చేత్తో ఇన్నేళ్ళు పని చేస్తున్నాడంటే మనిషి గట్టివాడనేగా. నా ఏడుపు అది కాదు. ఈ పిచ్చిక ఎగిరిపోతే ఇంట్లో నాతో దెబ్బలాడేదెవరు? మా ఆవిడ దెబ్బలాడదు, చూపుతో చంపుతుంది."

కన్నీళ్ళలోంచే పిచ్చిక కిసుక్కుమంది. అద్దాలమ్మ దంతె ఆపలేదు.

"రేపు సాయంత్రం వాణ్ణి పిలుస్తాను. ఏం చెప్పి పిలవాలి? ఆ, కుర్చీ కాలు ఊగుతోందని చెప్తాను. ఊగకపోతే విరగ్గొడతాను. కూర్చోబెట్టి అడుగుతాను, మా పిచ్చికని చూసుకుంటావట్రా అని."

నీళ్ళు ఆగిన చప్పుడు. ఇక ఒక్క చారెడు ఎండుగడ్డే మిగిలింది. పిచ్చిక చెయ్యి తీసేసింది. అది అద్దాలమ్మ ఒక్కర్తే గీకింది, మెల్లగా, పసిపిల్ల తల దువ్వినట్టు.

"అదిగో, గేటు చప్పుడు," అంది ఆయన గొంతు. "వచ్చేసింది."

అంతే. గాలి ఆ మాటని రోడ్డు దాటించింది. కుళాయిలోంచి ఒక చుక్క రాలింది. అద్దాలమ్మ దంతె కింద పెట్టింది. ఆ సాయంత్రం తను గేటు తీసిందీ, ఆయన తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ ఎదురొచ్చిందీ ఆమెకి గుర్తే. ఆయన అంతకు ముందునుంచీ ఎదురుచూశాడని మాత్రం ఇప్పుడే తెలిసింది.

గేటు దగ్గర వడ్రంగి సంచి కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. "అక్కా, కుర్చీ కాలు ఊగుతోందా?"

అద్దాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఊగుతోంది నాయనా. లోపలికి వచ్చి కూర్చుని చూడు."

ఎదురింటి వరండాలోంచి పిన్ని గొంతు వచ్చింది. "ఊగకపోతే చెప్పండి, నా కుర్చీ పంపిస్తాను."

వాళ్ళు ఆ రోజే నేలకి చిల్లులు పొడిచారు, ముగ్గురూ కలిసి. ఇసుకా ఎరువూ చల్లారు. మర్నాడు పొద్దున్నే పెట్టిన నీళ్ళు ఒక్క చుక్క రోడ్డెక్కలేదు. ఎండలు ముదరకముందే పిచ్చిక పెళ్ళి ఆ పచ్చిక మీదే జరిగింది. వచ్చినవాళ్ళందరూ చెప్పులు విప్పి, కావాలనే గట్టిగా మాట్లాడారు. ముందుగా పచ్చబడింది ఎక్కడో వేరే చెప్పాలా? కుళాయి మూలే. అద్దాలమ్మ సాయంత్రాలు అక్కడే కూర్చుంటోంది, కానీ ఇప్పుడు మౌనంగా కాదు. దుకాణం కబుర్లన్నీ ఆ మొలకలకి చెబుతోంది. వచ్చే ఏడు దులపడానికి ఏదో ఒకటి ఉండాలిగా మరి.

ఇక ఇళ్ళకి వెళ్ళండి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. నేను చెప్పిందంతా మర్చిపోయినా తప్పులేదు. ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి. తనకోసం దాచుకున్న ఆ కాస్త మూలలో, ఇంకొకరి చెయ్యి పట్టుకుని, ఆమె తనే దంతె వేసింది. అలాంటి మూల మీకూ ఉంటుంది. మీ పక్కన ఎవరో దానికోసమే ఎండిపోతూ ఉంటారు. ఆ పని మీరూ ఒకసారి చెయ్యండి. చేశాక, ఇలాగే నలుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి.