నన్ను గొట్టం అనకండి

నేను ఒక స్టెతస్కోపును. ‘గొట్టం’ అని పిలిస్తే ఒళ్లు మండుతుంది. ఈ సామర్లకోటలో మోకాలి నొప్పికి వచ్చినవాళ్లు కూడా నన్ను గుండెకు ఆనించందే కుర్చీలోంచి లేవరు. నేను చెప్పేది మాత్రం ఎవరికీ అక్కర్లేదు!

కాకినాడలో ఓ దుకాణం అద్దాల వెనకుండగా నన్ను కొన్నది సువార్త. అప్పుడామె వైద్య విద్యార్థిని. తండ్రి బుర్రకథ దళంలో డక్కీ వాయించేవాడు. దరువు తప్పితే ఈమెకు చిన్నప్పుడే తెలిసిపోయేది. చదువయ్యాక ఏజెన్సీ ఆసుపత్రిలో, స్కానింగులు లేనిచోట, నన్నే నమ్ముకుని పనిచేసింది. తర్వాత ఇక్కడ ఫ్యామిలీ డాక్టరుగా బోర్డు పెట్టింది. ఆదివారాలు ఇప్పటికీ డక్కీ వాయిస్తుంది. దానికీ జనం నవ్వుతారు!

ఒకరోజు నూకరత్నం అనే ఆవిడ కోడలు లోవకుమారిని తీసుకొచ్చింది. కోడలికి ఐదో నెల. నాలుగు మాటలకే ఆయాసం.

“గ్యాసేనండి. ఓ ఇంజక్షను పొడిచేసి పంపించెయ్యండి.”

సువార్త నన్ను కోడలి గుండెకు ఆనించింది. రెండు చప్పుళ్ల మధ్య ఏదో బుస్సుమంది.

“గుండెలో కవాటం సరిగా మూసుకోవట్లేదమ్మా. ఇవాళే కాకినాడ తీసుకెళ్లండి. ఇలాగే వదిలేస్తే కాన్పులో తల్లీబిడ్డా దక్కకపోవచ్చు.”

“బాగుందండీ! పచ్చటి పిల్లకి గుండెజబ్బు అంటగడతారా? ఉత్త ఎంబీబీఎస్సు, పైగా ఆదివారం డప్పులు! లెగవే, పోదాం.”

కోడలు లేవబోయి గోడ పట్టుకుంది. నాకు అరవాలనిపించింది. నోరేదీ?

సువార్త తలుపుకు అడ్డంగా నిలబడింది. నన్ను తీసి నూకరత్నం చెవులకే తగిలించింది. ముందు ఆవిడ గుండె వినిపించింది. తర్వాత కోడలిది.

“డప్పులన్నారుగా. రెండు దరువులూ ఒకటేనా, మీరే చెప్పండి.”

ఆవిడ ముఖం పాలిపోయింది. “లోపల బుసకొడతందేటండీ?” అంటూనే ఫోనులో కొడుకు మీద విరుచుకుపడింది. “ఒరే, గ్యాసుకని తెమ్మన్న ఆ సోడా అక్కడ పడేసి కారు తీసుకురారా!”

తల్లీబిడ్డా దక్కారు. తర్వాత లోవకుమారికి ఆపరేషనూ అయింది. ఊళ్లో మాత్రం జబ్బును కాకినాడలో పెద్ద మిషను కనిపెట్టిందని చెప్పుకున్నారు. మిషనట! దాని దగ్గరికి దారి చూపిందెవరు?

ఇప్పుడు నా రబ్బరు పగిలి సొరుగులో పడున్నాను. నిన్న నూకరత్నం మనవరాలిని ఎత్తుకొచ్చి, “ముందు దీని గుండె వినండి డాక్టరుగారూ” అంది. సువార్త కొత్త స్టెతస్కోపు తీసింది. నన్ను కాదు! ఆ కోపంలో ఉండగానే బయట మెట్ల మీద లోవకుమారి గొంతు వినిపించింది. పక్కింటావిడతో గలగలా మాట్లాడుతూ, మధ్యలో ఎక్కడా ఆగకుండా, పైదాకా ఎక్కి వచ్చేసింది.