మారుపేరు పలకని చోట

"సుప్రజా, టీ!"

రెండే మాటలు. వాటి వెనక గిన్నె తోమడం, పాలు కాచడం, అల్లం దంచడం, మొగుడు కూర్చున్న చోటికి మోసుకుపోవడం, తాగి పడేసిన గ్లాసు వెతికి తెచ్చుకోవడం. కంప్యూటర్లో దీన్ని అలియాస్ అంటారు. బారెడు ఆదేశానికి పొట్టిపేరు. అది కొడితే చాలు, పనంతా జరిగిపోతుంది. పిలిచినవాడికి వేలు కూడా నొవ్వదు.

సుప్రజ కూడా అలియాసే. నాకు మా అవ్వ పెట్టిన పేరు మహాదేవమ్మ. ఖర్మకొద్దీ అత్త పేరూ అదే. పెళ్లిలోనే మామ నన్ను సుప్రజను చేసి తేల్చేశాడు: "ఇద్దరికీ ఒకే పేరుంటే ఎట్లప్పా? కోడల్ని తిడితే నా పెండ్లాన్ని తిట్టినట్టుంటాది." అంటే నన్ను తిట్టడం ఖాయం, పేరొక్కటే అడ్డం! మా నాయన నవ్వి తలూపాడు. నన్నెవరూ అడగలేదు.

కర్నూలులో ఒక విత్తనాల కంపెనీలో సర్వర్లు చూస్తాను. ఊరూరి అమ్మకాల ఫైళ్లు ఒకచోట చేర్చి దాచే ఆదేశానికి, అలవాటు కొద్దీ సుప్రజ అనే అలియాస్ పెట్టుకున్నాను. "నువ్వు లేకపోయినా దానంతటదే నడవాల. నడిస్తే సర్వర్ల బాధ్యత నీ పేరు మీదే రాస్తా" అంది మేనేజరు శివాని. వేళకు దానంతటదే నడిచేలా ఆదేశాలు వరసగా రాసిపెట్టే స్క్రిప్టులో ఆ అలియాస్‌నే పెట్టాను. "సుప్రజ అనేది ఇక్కడ లేదు" అని కంప్యూటర్ తిరగ్గొట్టింది. నాకు నవ్వొచ్చింది. మనిషి కూర్చుని కేకేస్తే పలుకుతుంది అలియాస్. స్క్రిప్టు సొంతంగా నడిచే చోట దాన్నెవరూ గుర్తించరు.

అందుకే అలియాస్ తీసేసి, అదే పనిని మొదటి నుంచి చివరిదాకా విడమరిచి, పేరు పెట్టి పిలిచే ఫంక్షన్‌గా రాశాను. అది స్క్రిప్టులోనే ఉంటుంది, తన పనేదో తనకు తెలుసు. ఏ ఊరి ఫైలో చెప్పకపోతే పని ముట్టకుండా వెనక్కి తిరగమని మొదటి వరుసలోనే రాశాను. ఆ వరుస రాస్తుంటే కడుపు నిండింది. దానికి మహాదేవమ్మ అని పేరు పెట్టాను. నడిచింది.

"ఈ మహాదేవమ్మ ఎవరు?" అంది శివాని.

"నేనే. బాధ్యత ఆ పేరు మీదే రాయండి."

ఇంట్లో చెబితే నా మొగుడు వీరభద్ర ఎగిరిపడ్డాడు. "మా అమ్మ పేరు మిషన్‌కు పెడతావా? సిగ్గు ల్యాదా?"

వేరుశనగ కాయలు ఒలుస్తున్న అత్త తలెత్తింది. "అది ఆ పిల్ల పేరు గూడా కదరా. అయినా నన్ను ఆ పేరుతో పిలిచినోళ్లు యాడుండారు? మీ నాయనకు 'ఏమే', నీకు 'మా', వీధికి వీరభద్రుని అమ్మ." నా వైపు తిరిగింది. "ఏమ్మీ, ఆ పేరు పెట్టి పిలిస్తే నిజంగా పలుకుతాందా?"

"పలుకుతాందత్తా. ఏం కావాలో సరిగ్గా అడగాల, అంతే."

అత్త పగలబడి నవ్వింది. ఆమె నవ్వు అంత పెద్దదని నాకు తెలియదు.

ఆయన విసురుగా లోపలికి పోయాడు. కాసేపటికి కేక: "సుప్రజా, టీ!"

నేను కదల్లేదు.

"ఆ పేరు గలామె ఈడ ల్యాదు" అంది అత్త, ఒలిచిన గింజలు నా వైపు జరుపుతూ.