యెవ్సేయి చనిపోయిన తేదీ

ముప్పై ఎనిమిదేళ్ళకే ఉస్తీన్యా నడుము వంగిపోయింది. రష్యా ఉత్తరాన తోత్మా ఊళ్ళో కడుతున్న కొత్త చర్చికి నాలుగు వేసవులుగా ఆమె ఇటుకలు మోస్తోంది. వీపుకు చెక్క కట్టుకుని, విడతకు పదహారు ఇటుకల చొప్పున పరంజా ఎక్కాలి. చర్చి కట్టించే షావుకారు సైబీరియా దాటి, కమ్చత్కా దాటి, నడిసముద్రపు దీవుల నుంచి నక్క తోళ్ళు, నీటికుక్క తోళ్ళు తెప్పించి బాగుపడ్డవాడు. ఓడల మోజు కొద్దీ చర్చిని కూడా ఓడలాగే సన్నగా, పొడుగ్గా కట్టిస్తున్నాడు. చూసేవాళ్ళకు అందమే, ఎక్కేవాళ్ళకే మోకాళ్ళు అరిగిపోతున్నాయి.

ఆ షావుకారు ఓడలోనే పదిహేనేళ్ళ కిందట ఆమె మొగుడు యెవ్సేయి వెళ్ళాడు. మూడేళ్ళలో వస్తానన్నాడు. రెండో ఏడు ఒఖోత్స్క్ రేవు నుంచి ఎవరిచేతో క్షేమమని కబురు పంపాడు. ఆపైన అయిపు లేదు. ఇంట్లో మిగిలింది ఆమె, చూపు మందగించిన అత్త ఫెవ్రోన్యా.

ఇటుకల బట్టీ మేస్త్రీ సీదర్‌కు భార్య పోయింది. ఉస్తీన్యాను చేసుకుంటానని ఆరేళ్ళుగా అడుగుతున్నాడు. ఆమెకూ ఇష్టమే. పాదిరిగారు మాత్రం ఒకటే మాట. "వాడు పోయాడని చూసినవాడు చెప్పాలి. కన్నతల్లి శిలువ ముద్దుపెట్టుకుని ఒప్పుకోవాలి. లేకపోతే నువ్వు మొగుడున్నదానివే."

ఆ ఏడు జూలైలో సుఖోనా నది మీద ఉస్త్యూగ్ వైపు నుంచి వచ్చిన పడవలో తరాఖ్ దిగాడు. యెవ్సేయితో కలిసి వెళ్ళినవాడు. చలికి రాలిపోగా ఎడమ చేతికి రెండే వేళ్ళు మిగిలాయి. నేరుగా వీళ్ళింటికే వచ్చి, పెట్టిన కాబేజీ పులుసు ముట్టకుండా కూర్చున్నాడు.

"యెవ్సేయి లేడమ్మా. సముద్రంలో పోయాడు" అన్నాడు.

ఫెవ్రోన్యా బల్ల మీద తల వాల్చి గొల్లుమంది. ఉస్తీన్యా ఆమె వీపు నిమురుతూ అడిగింది. "ఎప్పుడు పోయాడన్నా? ప్రార్థన చెయ్యించాలి కదా. తేదీ కావాలి."

"అదీ... చలికాలం. నికోలా పండగ దాటాక."

"ఓడ బోల్తా పడిందా?"

"ఓడ కాదు, తోలు పడవ. చేపలు ఏట్లోకి ఎదురెక్కే రోజులు కదా, వేటకని వెళ్ళాం..."

చేపలు ఎదురెక్కేది మంచు కరిగాకే కదా అనుకుంది ఉస్తీన్యా. పైకి ఏమీ అనలేదు. అతన్ని సాగనంపే నెపంతో నది దాకా వెంట నడిచింది.

"నిజం చెప్పన్నా. నేను అరవను. అరిచే ఓపిక కూడా లేదు."

తరాఖ్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "బతికే ఉన్నాడు చెల్లెమ్మా. ఉనలాష్కా దీవిలో. అక్కడి పిల్లను చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు, ఇద్దరు మగ, ఒక ఆడ. ఇక తిరిగి రాడు. 'నన్ను సముద్రం మింగేసిందని చెప్పు, దాని బతుకు అది చూసుకుంటుంది' అన్నాడు. మంచికే అన్నాడమ్మా."

"మంచికే" అంది ఉస్తీన్యా.

కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. అక్కడే గడ్డిలో పడుకుని నిద్రపోవాలనిపించింది.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో సీదర్ నిలబడి ఉన్నాడు. కబురు ఊరంతా పాకింది. చేప రొట్టె తెచ్చాడు, దాన్ని ఎవరి చేతికివ్వాలో తెలియడం లేదు. "ఇప్పుడు అడగకూడదు గానీ... పాదిరిగారి దగ్గరికి వెళ్ళనా?"

"నాలుగు రోజులాగు మేస్త్రీ."

లోపల అత్త చనిపోయినవాళ్ళకు పెట్టే తేనె ముద్ద కోసం గోధుమలు నానబోస్తోంది. చూపు ఆనక గింజలు సగం నేల మీద పడుతున్నాయి. బతికున్న కొడుక్కి ఆ తల్లి అలా వండుతుంటే ఉస్తీన్యాకు చూడబుద్ధి కాలేదు. గిన్నె పక్కకు పెట్టి అన్నీ చెప్పేసింది. చెబితే సీదర్‌తో పెళ్ళి పోయినట్టేనని తెలుసు. తెలిసే చెప్పింది.

ఫెవ్రోన్యా నేల తడుముతూ పడ్డ గింజలు ఒక్కొక్కటే ఏరింది.

"ముగ్గురా?" అంది చివరికి.

"ముగ్గురే. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల."

"నన్ను నానమ్మను చేశాడన్నమాట, వెధవ." నవ్వబోయింది, మళ్ళీ ఏడ్చింది. కాసేపటికి, "మరి నీ సంగతేమిటే?" అంది.

"నాదేముంది అత్తా. రేపు పొద్దున్నే ఇటుకలు."

మర్నాడు ఉస్తీన్యా రెండో విడత మోత దించుతుంటే సీదర్ పరంజా మీదికి రొప్పుతూ వచ్చాడు. "మీ అత్త పాదిరిగారి దగ్గరికెళ్ళింది! పక్కింటావిడ చెయ్యి పట్టుకుని. తరాఖ్ చూశానన్నాడట, ఈవిడ ఒప్పుకుందట ఉస్తీన్యా, అంతా అయిపోయిందట!"

ఆమె వీపు చెక్క అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది.

"శిలువ ముద్దుపెట్టుకుని అబద్ధం చెప్పావా?"

"చెప్పాను. అరవకు, నాకు చూపు తక్కువ, చెవులు కాదు."

"పాపం కాదూ?"

"పాపమే. నాదే. డెబ్భై మూడేళ్ళు నా మీద. నువ్వింకా ఎంతకాలం మోస్తావే, ఇటుకల్నీ నన్నూనూ?"

"తేదీ ఏమని చెప్పావు?"

"వాడు ఈ గుమ్మం దిగిన రోజు" అంది ముసలావిడ.

ఉస్తీన్యా నేల మీద కూలబడి అత్త ఒళ్ళో ముఖం పెట్టుకుంది. తరాఖ్ వచ్చాక మొదటిసారి అప్పుడే ఏడ్చింది.

పెళ్ళికి ముందు సీదర్‌కు నిజం చెప్పింది. దాచి అతని ఇంట్లో అడుగుపెట్టడం ఆమెకు ఇష్టం లేదు. అతను గడ్డం గీరుకుంటూ ఆలోచించాడు. "అక్కడికి వెళ్ళాలంటేనే రెండేళ్ళు పడుతుందంటారు. అంత దూరం నుంచి మాటలు నాకు వినపడవు. మీ అత్తకు ఇటుక పొయ్యి మీది వెచ్చని పడక కావాలా, కిటికీ పక్కనా?"

"పొయ్యి మీదే."

శరదృతువులో పెళ్ళయింది. తరాఖే పెళ్ళిపెద్ద. సాయంత్రం విందులో పాటలు సాగుతుండగా పెళ్ళికూతురు బల్ల మీదే నిద్రపోయింది. వచ్చినవాళ్ళు గొల్లున నవ్వారు. "లేపవయ్యా మేస్త్రీ!" అన్నారు. సీదర్ తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. "మెల్లగా పాడండి" అన్నాడు.