పంతులుగారి మన్నింపు

మాధవరాజు గోదావరి దాటి రాజమహేంద్రవరం రేవులో దిగేసరికి పొద్దు బారెడెక్కింది. తన ఊరైన ఉండి నుంచి విజ్జేశ్వరం దాకా కాలువ పడవ, అక్కడి నుంచి కొవ్వూరుకు ఎడ్లబండి, ఆపైన రేవు పడవ. రెండు రోజుల ప్రయాణానికి ఒళ్లు హూనమైపోయింది. అయినా ఎక్కడా ఆగలేదు. తాను చదువుకున్న కాలేజీ ముందు నుంచే నడిచాడు గాని తల తిప్పి చూడలేదు. ఇరవై రెండేళ్ల కిందట ఆ గేటు దాటి బయటికొచ్చిన రోజున, మళ్లీ ఈ ఊళ్లో కాలు పెట్టనని ఒట్టు వేసుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి ఇప్పుడు రావడానికి కారణం ఒకటే. లెక్కల పంతులుగారు మంచాన పడ్డారనీ, ఈ వేసవి దాటడం కష్టమనీ కబురు తెలిసింది.

రెండేళ్ల చదువు చివర ఎఫ్.ఏ. పరీక్షకు పంపే ముందు ఆ ఏడు కాలేజీలో ఒక పరీక్ష పెట్టారు. పక్కపక్కన కూర్చున్న మాధవరాజు, కృష్ణంరాజు ఒకే లెక్కను ఒకేలా, అక్షరం పొల్లు పోకుండా రాశారు. పంతులుగారు కాగితాలు రెండూ తిప్పి తిప్పి చూసి, చూసి రాసినవాడు మాధవరాజేనని తేల్చేశారు. అతను ఎంత మొత్తుకున్నా వినిపించుకోలేదు. పరీక్షకు పంపలేదు. నిజానికి చూసి రాసిన కృష్ణంరాజు ఇప్పుడు కాకినాడలో పెద్ద ప్లీడరు. మాధవరాజు చేలగట్ల వెంట తిరుగుతున్నాడు. అందుకు బాధ లేదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో బావమరుదులు ఆ మాట ఎత్తి నవ్వుతుంటే మాత్రం ముద్ద మింగుడుపడదు.

ఇన్నీసుపేటలో పంతులుగారి ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. వీధి అరుగు మీద మంచం వేసుకుని ఆయన గోడకు చేరగిలబడి ఉన్నారు. కళ్లకు శుక్లాలు, చెవులకు చెవుడు. కోడలు రామతులసి తలుపు చాటు నుంచి, గట్టిగా చెప్తే గాని వినపడదని హెచ్చరించింది. మాధవరాజు మంచం పక్కన వంగి పేరు చెప్పాడు, మూడుసార్లు.

పంతులుగారి ముఖం వికసించింది. "మాధవరాజువా? రేఖాగణితం ముత్యాల్లా రాసేవాడివి. ఎఫ్.ఏ. ఏ తరగతిలో ప్యాసయ్యావు నాయనా?"

మాధవరాజుకు ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్లుగా తాను మరిచిపోలేనిది ఆ మనిషికి గుర్తే లేదు. ప్యాసవలేదని, మీరే పంపలేదని, ఎందుకు పంపలేదో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆయన ప్రతి మాటకూ "ఆఁ?" అని చెవి ముందుకు చాపారు. అతను గొంతు పెంచాడు. ఇంకా పెంచాడు. కూరలమ్మే ఆవిడ తట్ట దించుకుని నిలబడింది. ఎదురింటివాళ్లు గుమ్మంలోకి వచ్చారు. కాలేజీకి పోతున్న కుర్రాళ్లు నలుగురు ఆగారు. నలభై దాటిన మనిషి, జరీ కండువా వేసుకున్నవాడు, చెమటలు కారుతూ వీధి వీధంతా వినపడేలా అరిచాడు.

"నేను చూసి రాయలేదండీ."

పంతులుగారు తడుముకుంటూ అతని చెయ్యి పట్టుకున్నారు.

"చూసి రాశావా? పోనీలే నాయనా. చిన్నతనంలో ఎవరు చెయ్యరు? ఇంత దూరం వచ్చి ఒప్పుకున్నావు, అదే పదివేలు. నేను మన్నించేశాను."

కుర్రాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. మాధవరాజు కాదు కాదని తలకాయ అడ్డంగా ఊపాడు. ఆయనకు కనిపించదు కదా. మళ్లీ చెప్పబోతే దగ్గు తెర అడ్డొచ్చి పంతులుగారు పడుకుండిపోయారు.

"మీరు రాయలేదు అన్నారని నేను విన్నానండీ," అంది రామతులసి తలుపు చాటు నుంచి. "తెల్లారి లేవగానే మావయ్యగారికి కాస్త నయంగా వినపడుతుంది. నా గొంతు ఆయనకి అలవాటు. చెవి దగ్గర కూచుని నేను చెప్తాను. రేపొకసారి రండి."

ఆ మాట పట్టుకుని అతను సత్రంలో ఉండిపోయాడు. మర్నాడు వెళ్లేసరికి పంతులుగారు నిద్రలో ఉన్నారు. రామతులసి గుమ్మంలోకి వచ్చి తలవంచుకు నిలబడింది. చెప్పారా అని అడిగాడు. చెప్పానంది. విన్నారా అంటే విన్నారంది. ఏమన్నారని అతను అడిగాడు.

"తప్పు చెయ్యనివాడికి ఇరవై రెండేళ్లయ్యాక ఇంత దూరం వచ్చే పనేంటి అన్నారండీ. పొద్దున్నే తనను చూడ్డానికొచ్చిన కాలేజీ పిల్లలందరికీ మీ కథ చెప్పారు. నిజాయితీ అంటే అలా ఉండాలి అని మెచ్చుకున్నారండీ."

మాధవరాజుకు మంచం కాళ్లు పట్టుకుని ఊపి లేపాలనిపించింది. లేపితే మళ్లీ అరవాలి. మళ్లీ వీధి పోగవుతుంది. ఆయన నోరు కొంచెం తెరుచుకుని, ఎంతో మంచిపని చేసినవాడిలా హాయిగా నిద్రపోతున్నారు.

మజ్జిగ తాగి వెళ్లమంది రామతులసి. వద్దనబోయి, ఎండ చూసి, అరుగు చివర కూర్చుని తాగాడు. ఇచ్చిన మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది. ఆ సంగతి కూడా అతను చెప్పలేదు.